వేలంలో పోయిన పాట

నా పాటని మా సంఘం వాళ్లు వేలం వేశారు. గుమ్మడికాయ తరవాత, కోడిపుంజుకి ముందు. నవ్వుకోండి, ఇప్పుడైతే నాకూ నవ్వే వస్తుంది. ఆ రోజు మాత్రం ఒళ్లు మండిపోయింది.

హుద్‌హుద్ తుపాను వచ్చిన ఏడాది సంగతి ఇది. మా నెల్లిమర్ల బాప్టిస్టు సంఘంలో కోతపండగంటే ఎవరింట పండింది వాళ్లు తెచ్చి ప్రభువు బల్ల ముందు పెడతారు. వరి పనలు, కందులు, బెల్లం, కోళ్లు, ఏదుంటే అది. ఆరాధన అయ్యాక అన్నిటినీ చర్చి ఆవరణలో వేలం వేసి, వచ్చింది సంఘానికి జమ చేస్తారు. మా వంతు ప్రతి ఏడూ పెరటి గుమ్మడికాయ. ఆ ఏడు గుమ్మడిపాదు వంటింటి రేకులతో సహా లేచిపోయి ఎవరి చేలో పడిందో ఆ దేవుడికే తెలియాలి.

"ఒట్టి సేతుల్తో దేవుడి ముందుకి ఎలగెల్తామే?" అని మా అమ్మ జ్ఞానసుందరి పండగ పొద్దున్నే మొదలెట్టింది. జూట్ మిల్లులో గోనెసంచులు కుట్టే మనిషి. చేతిలో సూది ఉన్నా లేకపోయినా మాట మాత్రం సూదే.

"రేకుముక్క ఒకటి మిగిలున్నాది, అదట్టుకెల్లు" అన్నాను.

"ఏలాకోలాలొద్దు. కరెంటు లేని రోజుల్లో గుమ్మంలో కూకుని పాటొకటి కట్టినావు కదా. ఈ ఏటికి మన పంట అదే. అదే తే."

నాకూ లోపల అదే కోరిక. ఆ పాట ఎవరికైనా వినిపించకపోతే పిచ్చెక్కేలా ఉంది. విజయనగరంలో ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకి ప్రార్థన పాటలు నేర్పే టీచర్ని నేను. రోజూ అదే బస్సు, అదే హార్మోనియం, అవే మూడు పాటలు. ఎప్పుడు ఇక్కణ్ణించి కదులుతానా, నా పేరు ఎప్పుడు ఎవరి నోటైనా వింటానా అని కాళ్లు నేలమీద నిలిచేవి కావు. వెళ్లి పాడాను.

"ఒరిగిన వరికంకి లేవదా ప్రభువా, ఒరిగిన నా తలను లేపవా ప్రభువా."

అందరి చేలూ పడిపోయి ఉన్నాయి. వెనక వరసల్లో ముక్కు చీదుకుంటున్న చప్పుడు నాకు వినబడింది. పాట అవ్వగానే అమ్మ లేచి నిలబడింది. "ఇది మా ఇంటి మొదటి పంట. దేవుడికిచ్చేస్తన్నాం" అంది. అందరూ ఆమెన్ అన్నారు, నేను కూడా.

ఆవరణలో వేలం వేసేది సంఘపెద్ద, డీకన్ పాల్ మావ. మైకు అక్కర్లేని గొంతు. తుపానుకి బతికిన ఒక్క గుమ్మడికాయనీ అమ్మేసి, తలగుడ్డ సర్దుకుని కేకేశాడు. "ఇప్పుడు సుందరమ్మ ఇంటి పంట! రూబీ కట్టిన పాట! కుళ్లదు, పురుగట్టదు, దాసుకోడానికి గాదె అక్కర్లేదు! ఎవలంటారు?"

జనం పడీపడీ నవ్వారు. నేను అమ్మ కొంగు పట్టుకుని లాగాను. "అమ్మా, ఆపమను." ఆమె చెయ్యి విదిలించుకుంది. బల్ల ముందు పెట్టినదేదైనా వేలానికి రావాల్సిందేనట. ఎవరో సరదాకి ఒక మాటన్నారు, ఇంకొకరు ఇంకో మాటన్నారు. అప్పుడు గేటు దగ్గర్నుంచి నారాయణమూర్తి గట్టిగా ఒక అంకె చెప్పాడు. అంతే, నవ్వులు ఆగిపోయాయి.

నారాయణమూర్తి మా సంఘం మనిషి కాదు. చంపావతి ఏటి అవతల వ్యవసాయం. మా కోతపండగలో కొన్న గింజ విత్తనంలో కలిపితే కలిసొస్తుందని ఆయన నమ్మకం, అందుకని ఏటా వస్తాడు. ఆ ఏడు గింజ మానేసి నా పాట కొన్నాడు. పాల్ మావ మూడుసార్లు అనేసి, "పాట మూర్తిబావుదైపోనాది!" అని అరిచాడు. "ఏ సంచిలో అట్టుకెల్తావు బావూ?" అని ఎవరో అడిగితే ఆయన నవ్వలేదు. డబ్బు కట్టి, బయట గోడవార కూర్చున్న భార్యని స్కూటరెక్కించుకుని వెళ్లిపోయాడు.

సరే, పండగ సరదా, అయిపోయిందనుకున్నాను.

నేను పాడుతుండగా ఎవరో ఫోన్లో తీశారు. అది వాట్సాప్‌లో ఊళ్లు తిరిగి తిరిగి హైదరాబాదులో ధర్మేంద్ర అనే అతని ఫోన్లో పడింది. ఒక సినిమా కంపెనీకి పాటలు ఏరిపెట్టే ఉద్యోగం అతనిది. డిసెంబరులో ఫోన్ చేసి, వాళ్ల సినిమాలో తుపాను తరవాత వచ్చే సీనుకి నా పాట కావాలన్నాడు. ఆ వారం నేను అన్నం తిన్నానో లేదో గుర్తులేదు. బస్సులో సీటున్నా నిలబడే వెళ్లాను.

ఇంటికే వచ్చాడు. కుర్రవాడు మంచివాడే, తొందర ఎక్కువ. అమ్మ షిఫ్టు దిగి, తల్లో జనపనార పొట్టుతోనే టీ పెట్టింది. ధర్మేంద్ర కాగితాలు తీశాడు.

"సర్వహక్కులూ మా కంపెనీకి రాస్తారన్నమాట. తెర మీద 'రచన, స్వరం: రూబీ' అని మీ పేరు పడుతుంది."

నా పేరు. తెర మీద. పెన్ను అడిగేశాను.

"ఒక్క చిన్న ప్రశ్న, అందరినీ అడిగేదే. ఈ పాట ఇంతకుముందు ఎవరికైనా ఇవ్వడం గానీ, అమ్మడం గానీ జరిగిందా?"

"లేదండి" అన్నాను.

"అమ్మీసినాం బాబూ" అంది అమ్మ, టీ గ్లాసు అతని చేతికిస్తూ. "మొన్న కోతపండగలో ఏలంలో పోనాది. మూర్తిబావు కొన్నాడు. మరది మాది కాదు."

ధర్మేంద్ర నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి నా వంక చూశాడు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. "అదేదో సరదాకి వేశారండీ" అంటే, "సరదా ఏటే?" అని అమ్మ విరుచుకుపడింది. "దేవుడి బల్ల ముందు ఇచ్చినాం, సంఘమంతా సూసినాది. ఇచ్చిందాన్ని మళ్లీ నాదంటే ఏటంటారు?"

అతను కాగితాలు సంచిలో పెట్టేసుకున్నాడు. "రేపు ఆయన కోర్టుకెక్కితే మా మెడకి చుట్టుకుంటుందండీ. ఆ మూర్తిగారి చేత తనకి ఏ హక్కూ లేదని రాయించండి. తరవాత చూద్దాం."

అతను వెళ్లాక నేను అమ్మతో పడ్డ గొడవ వీధి వీధంతా విని ఉంటుంది. "నీకు నా బతుకు కంటే ఆ పాల్ మావ కేకలు ఎక్కువా?" అని కూడా అన్నాను. "అబద్దం మీద నీ పేరు ఎక్కకూడదు" అని ఒక్క మాటనేసి, అమ్మ చేట తీసుకుని బియ్యం చెరగడానికి కూర్చుంది.

మర్నాడే ఏరు దాటి నారాయణమూర్తి కళ్లానికి వెళ్లాను. పడిన వరిలో మిగిలింది ఏరుకొచ్చి నూరుస్తున్నారు. ఆడవాళ్లు చేటలతో తూర్పారబడుతూ పాడుతున్నారు. గట్టెక్కుతుంటే వినబడింది. నా పాటే. "ఒరిగిన వరికంకి లేవదా సూరీడా..."

ప్రభువుని తీసేసి అరసవిల్లి దేవుణ్ణి పెట్టారు. అంతటితో ఆగలేదు, చివర ఎవరో కొత్త చరణం కూడా అతికించారు.

"ఎవరు మార్చమన్నారు మిమ్మల్ని? నా పాట ఇది!" అని అరిచేశాను. చేటలు ఆగిపోయాయి. ముందుండి పాడుతున్నది నారాయణమూర్తి భార్య పద్మకుమారి. తల దించుకుంది.

పక్కనున్న కూలి మనిషి గున్నమ్మ ఊరుకునే రకం కాదు. "ఓలమ్మ! పాటకి కంచె ఏసినావేటే గుంటా? నోరు మాది, గాలి దేవుడిది. నీదేటి మద్దెన?"

నారాయణమూర్తి తాటాకు చాప మీంచి లేచి వచ్చాడు. సంగతి చెప్పాను. రాసివ్వమన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"కొన్నదాన్ని కొన్లేదని ఎలగ రాస్తానే?"

"మీకు ఆ పాటతో ఏం పని మావయ్యా?"

ఆయన భార్యకి వినబడకుండా గొంతు తగ్గించాడు. "మా ఝాన్సీ పోనాక మీ అత్త పాట అన్నదే మర్సిపోనాది. మూడు కోతలైనాది, పెదవి ఇప్పలేదు. ఆ రోజు మీ సర్చి గోడవార కూకుని, నువ్వు పాడతంటే నీ ఎనకే అన్నాది. నా సెవుల్తో నాను ఇన్నాను. అందుకే కొన్నాను. నా కూతురి మీద ఒట్టు, దాన్నిక ఒగ్గను."

నాకు జాలేసింది. అబద్ధమెందుకు, కోపం కూడా తగ్గలేదు. తిరిగొస్తూ ఏటి వంతెన మీదే ధర్మేంద్రకి ఫోన్ చేసి, కడుపులో ఉన్నదంతా కక్కేశాను. ఆయన రాయనన్నాడు, ఆయన పెళ్లాం మాటలు మార్చేసింది, కళ్లంలో ఆడవాళ్లంతా ఇష్టమొచ్చినట్టు పాడుతున్నారు అని.



"ఏమన్నారూ? పొలంలో ఆడవాళ్లు పాడుతున్నారా? కొత్త చరణం కూడా కట్టుకున్నారా?"

"అవునండీ, అదే చెప్తున్నా."

"అయితే రూబీ గారూ, ఇది జానపదం అయిపోయినట్టే కదా. జానపదానికి ఎవరి సంతకం అక్కర్లేదు. మేమే వచ్చి వాళ్ల చేత పాడించి రికార్డు చేసుకుంటాం."

"నేను కట్టానండీ! మొన్న తుపానులో కట్టాను!"

"మీరు కట్టారనే నేనూ నమ్ముతున్నాను. కానీ మీరు సంతకం పెట్టలేరు, ఆయన పెట్టడు. ఇదైతే మావాళ్లకి తేలిక." ఫోన్ పెట్టేశాడు.

నా నోటితో నేనే దారి చూపించానన్నమాట. ఇక తెర మీద 'జానపదం' అని పడుతుంది. నేను, మా గుమ్మం, కరెంటు లేని ఆ రోజులు, అన్నీ కొట్టుకుపోతాయి. వంతెన మీద అలాగే నిలబడిపోయాను. సైకిలు మీద పోతున్నాయన ఆగి, "ఏటైనాదమ్మా?" అని అడిగితే గానీ కదల్లేదు.

అమ్మకి చెబితే తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "ఎవలూ కట్టకుండా పాట ఎలగొస్తాదే?" అని మాత్రం అడిగింది. అది అడగాల్సింది నన్ను కాదు.

కొత్త సంవత్సరం వచ్చిన వారంలో పాల్ మావ మా స్కూలుకే వచ్చి చెప్పాడు, ఆ హైదరాబాదు కుర్రోడు మిషను పట్టుకుని మూర్తి కళ్లంలో దిగాడని. పిల్లల్ని మధ్యలో వదిలేసి ఆటో ఎక్కాను. హెడ్మిస్ట్రెస్ పిలుస్తూనే ఉంది.

నేను వెళ్లేసరికి ధర్మేంద్ర ఆడవాళ్లని కుప్ప నీడలో కూర్చోబెట్టి, మైకు పద్మకుమారి ముందు పెట్టాడు. నారాయణమూర్తి చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. నన్ను చూసి గున్నమ్మ మూతి తిప్పింది. నేను గట్టు మీదే ఆగిపోయాను. మొన్న అంతమందిలో పద్మకుమారిని అన్ని మాటలన్నాక ఏ మొహం పెట్టుకుని దగ్గరికెళ్లను? ఆమె తల్చుకుంటే ఒక్క మాటతో అయిపోతుంది. పాట మా పెద్దవాళ్లదనేస్తే చాలు, ఇక జీవితాంతం పాడుకోవచ్చు, నాలాంటిది వచ్చి అరవదు.

"ముందు ఒక్క మాట చెప్పండమ్మా, రికార్డు కోసం" అన్నాడు ధర్మేంద్ర. "ఈ పాట మీకు ఎప్పట్నించి వస్తోంది? మీ అమ్మలూ అమ్మమ్మలూ పాడేవారా?"

పద్మకుమారి మైకు వంక చూసింది. తరవాత గట్టు మీదున్న నా వంక చూసింది.

"మా పెద్దోళ్లకి ఈ పాటెక్కడిది బాబూ. అదిగో, ఆ గుంట కట్టినాది. నెల్లిమర్ల సుందరమ్మ కూతురు, రూబీ. మా ఇంటాయన సంఘంలో కొన్నాడు, అందరూ సూసినారు." కొంగుతో నుదురు తుడుచుకుంది. "సివరి సరణం ఒకటి నాది. అడక్కుండా కలిపీసినాను."

ధర్మేంద్ర మిషను ఆపేశాడు.

నేను గట్టు దిగాను. ఏమనాలో తెలీక, "ఆ చరణం ఒకసారి పాడవా అత్తా" అన్నాను. ఆమె మైకు లేకుండానే పాడింది.

"నీళ్లలో నానిన గింజైనా మొలిసింది, నానిన నా కళ్లల్లో ఏటి మొలుస్తాది సూరీడా."

నా మూడు చరణాల్లోనూ అంత మాట లేదు. కుళ్లుగానే ఉంది, చెబుతున్నాను కదా. కానీ ఇక దాన్ని తీసెయ్యమనడం నా వల్ల కాదు.

"అయితే మళ్లీ సంతకాలే" అని ధర్మేంద్ర నిట్టూర్చాడు. నారాయణమూర్తి అప్పుడు నోరు విప్పాడు. "సంతకం ఎట్టను. దేవుడి కాడ కొన్నాను, దేవుడి కాడే ఒప్పసెప్తాను. ఈ ఆదోరం మా ఒడ్డునున్న మీ శాఖ సంఘంలో కోతపండగ. పాటనక్కడ ఎట్టీస్తాను. ఎవలు కొంటే ఆలది."

మొన్న "నా కూతురి మీద ఒట్టు" అన్న మనిషి అలా ఎందుకన్నాడో నేను అడగలేదు. పద్మకుమారి ఆయన పక్కనే నిలబడి ఉంది.

నాకు కొత్త గుబులు పట్టుకుంది. వేలమన్నాక ఎవరైనా పాడుకోవచ్చు. ధర్మేంద్ర కళ్లు అప్పుడే మెరిశాయి. హైదరాబాదు కంపెనీ ముందు నా స్కూలు జీతం ఏపాటి? ఆదివారం దాకా ఇంట్లో గోడకీ గోడకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. "కూకోవే, నీ కాళ్లు ఇరగా" అని అమ్మ కసిరింది. "నువ్వు సంఘంతో మాట్లాడొచ్చు కదా" అంటే, "ఏలం ఏలమే" అంది. ఆ మనిషితో ఇక మాట్లాడకూడదనుకున్నాను.

ఆదివారం ఏటి అవతల చిన్న చర్చి ముందు మా సంఘం సగం, ఆ ఊరు సగం పోగయ్యారు. పాల్ మావనే పిలిపించారు, గొంతు కోసం. నారాయణమూర్తి ఒక వరిపన బల్ల ముందు పెట్టి, "దీంతో పాటు పాట కూడా" అన్నాడు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. బయటికొచ్చాక పాల్ మావ కేకేశాడు.

"రూబీ కట్టిన పాట, పద్మకుమారి సరణంతో సహా! ఎవలంటారు?"

ధర్మేంద్ర వేప చెట్టు కింద ఫోన్ చెవికి పెట్టుకుని ఉన్నాడు. ఎంతదాకా వెళ్లొచ్చని వాళ్ల ఆఫీసుని అడుగుతున్నాడు. ఒక చెయ్యి పైకెత్తి, ఒక్క నిమిషం అన్నట్టు పాల్ మావకి సైగ చేశాడు.

"ఒక కోడిగుడ్డు" అంది మా అమ్మ.

నేను తిరిగి చూసేలోపలే పాల్ మావ గుక్క తిప్పుకోకుండా అందుకున్నాడు. "సుందరమ్మ కోడిగుడ్డు ఒకటోసారి రెండోసారి మూడోసారి! పాట సుందరమ్మది!"

జనం గొల్లున నవ్వారు. ధర్మేంద్ర ఫోన్ దించి పరిగెత్తుకొచ్చాడు. "ఆగండి ఆగండి, ఇంత తొందరగానా?"

"సలికాలం బాబూ, పొద్దు బేగి గూకిపోతాది" అన్నాడు పాల్ మావ. "మూడుసార్లు అనీసినాను. ఇంతమంది ఇన్నారు."

ఇచ్చిందాన్ని మళ్లీ నాదనకూడదని నన్ను నెలరోజులు కాల్చుకుతిన్న మనిషి తాపీగా కొంగు దోపుకుంది. తీరా చూస్తే గుడ్డు లేదు. మా కోళ్లు తుపానులోనే పోయాయి. పద్మకుమారి తన బుట్టలోంచి ఒకటి తీసి అమ్మ చేతిలో పెట్టింది, అమ్మ దాన్ని పాల్ మావ చేతిలో పెట్టింది.

ధర్మేంద్ర అమ్మ ముందుకొచ్చి నిలబడ్డాడు. "అయితే సంతకం మీరు పెట్టాలమ్మా."

"అమ్మను బాబూ. కౌలుకైతే ఇస్తాను. నీ సినిమా ఒక్కదానికే, ఒక పంటకిచ్చినట్టు. పేరు నా కూతురుదెయ్యాల. ఆ సరణానికి పద్మకుమారి పేరెయ్యాల. కళ్లంలో గానీ, సంఘంలో గానీ ఎవలు పాడుకున్నా నువ్వు అడ్డు సెప్పకూడదు. ఇష్టమైతే మీవోళ్లకి ఫోన్ సెయ్యి."

చేశాడు. చాలాసేపు మాట్లాడాడు. చివరికి ఒప్పుకున్నారు. ఆ సినిమా ఎలా ఆడిందో, నేను నెల్లిమర్ల ఎప్పుడు దాటానో అది వేరే సంగతి. పేర్లు మాత్రం రెండూ పడ్డాయి.

ఆ సాయంత్రం ఏటి వంతెన మీద ఇద్దరం నడిచొస్తున్నాం. అమ్మ ముందు, నేను వెనక. ఆ పాట బాగుందని అమ్మ అప్పటిదాకా ఒక్కసారీ అనలేదు. ఇప్పుడు సన్నగా కూనిరాగం తీస్తోంది. దగ్గరికెళ్లి విన్నాను. నానిన గింజ చరణం.

"అమ్మా."

"ఏటే?"

"సూరీడా అన్నావు."

అమ్మ ఆగింది. ఆదివారం బైబిలు చంకలో అలాగే ఉంది.

"అన్నాను. ఆ సరణం అలగే ఉన్నాది. అది నువ్వు కట్టింది కాదు, నాను కట్టింది కాదు. మార్సడానికి మనమెవలమే?"

అని మళ్లీ మొదట్నించీ అందుకుంది. నాకు ఏడుపొచ్చేసింది. వెనకే నడుస్తూ, నా చరణాల్లో నేనూ గొంతు కలిపాను.